టిప్పులమ్మే మనిషి

“ఆ కుర్చీల కూసోకుండ్రి. మావోడు ఒస్తడు.”

పాండురంగం కుర్చీ మీద పరిచిన దస్తీని ఇంకోసారి సర్దాడు. మలక్‌పేట రేసుకోర్సులో ఆ మధ్యాహ్నం ఆయన ఆ మాట చెప్పడం నాలుగోసారి.

“ఐదు సోమవారాలాయె. ఆ ధనరాజ్ రాడు, నువ్వు కుర్చీ ఇడువవు,” అన్నాడు వీరేందర్, మిర్చిబజ్జీ నములుతూ.

“వస్తాడులెండి. రేసుల పిచ్చి అంత తేలిగ్గా వదులుతుందా?” అన్నాడు శ్రీరామమూర్తి, పుస్తకంలో గుర్రాల పేర్లు వెతుక్కుంటూ.

దిల్‌సుఖ్‌నగర్‌లో పక్కపక్కన కొట్లు నడిపిన దోస్తులు. ఇరవై ఏళ్లుగా సోమవారం రేసులంటే నలుగురూ ఉండాల్సిందే. పందెం వంద దాటేది కాదు. నవ్వులకు మాత్రం హద్దు లేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఐదు వారాల కిందట పాండురంగం నోరు జారింది. ధనరాజ్ చెప్పిన గుర్రం ఓడిందన్న కోపంలో, “నువ్వు పక్కన ఉంటే గెలిచే గుర్రం గూడ కుంటుతది” అని అందరి ముందూ అనేశాడు.

ధనరాజ్‌కు పెళ్లాం పిల్లలు లేరు. ఉన్నదల్లా ఈ ముగ్గురే. లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా స్విచాఫ్. ఎల్బీనగర్‌లో అతని కిరాయి గదికి వెళ్దామని రోజూ అనుకోవడమే గానీ, పాండురంగానికి మొహం చెల్లలేదు. ఇక్కడైతే నవ్వుల్లో మాట కలిసిపోతుందని ఆశ.

“సార్, పాండురంగం సారంటే మీరేనా?”

వెనక ఒక బక్కపలచటి మనిషి. అరవై దాటి ఉంటాయి. ఆయాసపడుతున్నాడు.

“జర పక్కకు ఒస్తరా? మీ ఒక్కరికే చెప్పాలె.”

వీరేందర్ పకపకా నవ్వాడు. “పేరు గూడ కనుక్కొని ఒచ్చిండు! పోయిన వారం ఒకడు గిట్లనే పక్కకు పిలిచి మనల్ని ముంచిండు, యాదికున్నదా?”

రేసుల్లో పక్కకు పిలిచేవాడంటే టిప్పులమ్మేవాడే. గెలిచే గుర్రం ఇదీ అని చెవిలో ఊది పైసలు గుంజుతాడు. ఇరవై ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా? పాండురంగం తల కూడా తిప్పలేదు.

“మాకేం వద్దు. పో.”

ఆ మనిషి పోలేదు. కొంచెం దూరంలో మెట్ల మీద కూర్చున్నాడు. ఒక్క రేసూ చూడలేదు. పాండురంగాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఇంకో రేసు అయ్యాక మళ్లీ వచ్చాడు. “పైసల ముచ్చట గాదు సార్...”

“అందరు గట్లనే అంటరు,” అన్నాడు వీరేందర్.

“పెద్దాయనండీ పాపం. ఒకసారి వింటే ఏం పోతుంది?” అన్నాడు శ్రీరామమూర్తి.

“ఇన్నోడు యాడ బాగుపడ్డడు?” అన్నాడు వీరేందర్.

నాలుగింటి రేసుకు గుర్రాలు గీత దగ్గరికి వస్తున్నాయి. ఆ మనిషి మూడోసారి వచ్చి పాండురంగం చేయి పట్టుకున్నాడు.

“సార్, మీకు దండం పెడ్త...”

“ఏంది నీ లొల్లి? నీ మొఖం జూస్తేనే గుర్రం ఓడుతది. నడువ్!”

చేయి విదిలించి, జేబులోంచి ఇరవై నోటు తీసి అతని గుప్పిట్లో కుక్కాడు. ఆ మనిషి నోటును కుర్చీ మీద పెట్టేసి, నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పాండురంగానికి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మళ్లీ అదే నోరు. కానీ అప్పటికే గుర్రాలు కదిలాయి. జనమంతా లేచి అరుస్తున్నారు. ఆయనా అరిచాడు.

ఆయన గుర్రమే గెలిచింది! వీరేందర్ కౌగిలించుకున్నాడు. శ్రీరామమూర్తి చప్పట్లు కొట్టాడు. పాండురంగం అలవాటుగా పక్కకు తిరిగి “చూస్తివా...” అనబోయాడు. పక్కన ఎవరూ లేరు. ఎన్ని గుర్రాలు గెలిస్తే మాత్రం ఏం లాభం, చెప్పుకోవడానికి ఆ ఒక్కడు లేకపోయాక?

“ఇంక చాలు. నేను ధనరాజ్ దగ్గరికి పోతున్న,” అని లేచాడు.

మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాటిపోయింది. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. తిట్టినా పడదామనుకున్నాడు.

ఎల్బీనగర్‌లో ఇంటి ఓనరు చంద్రమ్మ గేటు దగ్గరే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఇప్పుడొస్తివా అన్నా? ఊరికి పోతున్ననని నాకు చెప్పి, ధనరాజన్న నెల సంది దవాఖానల ఉన్నడట. ఫోన్ పోగొట్టుకున్నడు, నంబర్లు యాదికి లేవు. పొద్దున ఒకాయన ఈ ఇల్లు ఎతుక్కుంట ఒచ్చిండు. గీ రోజు దాటేటట్టు లేదు, పాండురంగాన్ని చూస్తనంటుండు అని చెప్పిండు. మీ ఇల్లు నాకు తెల్వకపాయె. సోమవారం గద, రేసులకాడ ఉంటవని నేనే పంపిన. కలవలేదా?”

చంద్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“నాలుగింటికి పానం పోయిందట. ఇప్పుడే ఆ ఒచ్చినాయనే ఫోన్ జేసి చెప్పిండు.”

నాలుగింటికి తాను గుర్రం పేరు పెట్టి అరుస్తున్నాడు.

“నా మీద కోపంగ ఉండెనా చెల్లె?”

“కోపమేంది అన్నా? ‘రంగడు మెత్తటోడు, తట్టుకోడు. నలుగురి ముంగట చెప్పకు, పక్కకు పిలిచి చెప్పు’ అని ఒట్టేయించుకున్నడట.”

పాండురంగం గేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఆయన ఎవరు చెల్లె? ధనరాజ్‌కు ఏమైతడు?”

“ఏమీ కాడన్నా. పేరు బిక్షమయ్యట, పక్క మంచం పేషెంట్. రేపు పొద్దుగాల ఆయనకే గుండె ఆపరేషన్, మంచం దిగొద్దన్నరట. సిస్టర్లకు తెల్వకుంట ఒచ్చిండు.”