గుహ ముందు వదిలిన పిల్ల

“నేను మోసం చెయ్యలేదు. ఎట్లా చెబితే నమ్ముతారు వీళ్ళు?” అంటూ తిరుమల ఫోను మంచం మీద పడేసింది.

ఎండు రొయ్యల తలలు తుంచుతున్న నాంచారమ్మ చేతులు ఆగిపోయాయి. మోసం అన్న మాట వినగానే ఆమెకు పోలీసులు కళ్ళ ముందు కనబడ్డారు.

“బ్యాంకు వాళ్ళమని ఎవరన్నా ఫోన్ చేశారా? నంబరు చెప్పేశావా?”

“బ్యాంకు కాదమ్మా. మా ఊరోళ్ళు.”

“బందరు నుంచా? మీ నాన్న పడవకేమన్నా...”

“నాన్న బానే ఉన్నాడు. ఇది ఫోన్లో ఊరు.”

తల్లి రొయ్యల చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తిరుమల పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

“ఫోన్లో అందరం మాట్లాడుకునే చోటుని ఊరంటాం. ఇది పెద్ద కంపెనీ చేతిలో ఉండదమ్మా. ఎవరి ఊరు వాళ్ళే కట్టుకుంటారు. మాది నలభై మంది ఊరు. గన్నవరంలో హెలెన్ గారని ఒక టీచరు మాకు పెద్ద. వాళ్ళింట్లో పాత కంప్యూటర్ మీద నడుస్తుంది.”

“కరెంటు పోతే?”

“ఊరు పోద్ది. కరెంటొస్తే మళ్ళీ వస్తుంది.”

నాంచారమ్మకు ఆ ఊరి మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయింది.

ఆ నలభై మందీ కలిసి ముప్పై ఏళ్ళ నాటి ఆట ఒకటి ఫోన్లలో ఆడుతున్నారు. గళ్ళు గళ్ళుగా ఉండే బొమ్మలు. ఆటలోని పిల్లకో పిల్లాడికో ఎవరికి వాళ్ళు తమ పేరు పెట్టుకుని, చేతికి కత్తి ఇచ్చి, రాక్షసుడి గుహ దాకా నడిపించాలి. దారిలో ఎదురయ్యేవాటిని కొట్టిన కొద్దీ బలం పెరుగుతుంది. రోజుకు గంటే ఆడాలని కట్టుబాటు. నెల తిరిగేసరికి అందరి బలం పన్నెండు దగ్గర ఉంటే, తిరుమలది ముప్పై ఒకటి అయింది.

“రోజూ పొద్దున్నే ఆడి, నా పిల్లని గుహ ముందు ఆపుతాను. మర్నాడు తెరిస్తే ఇంట్లో మంచం మీద పడుకుని ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ఫోనంటే ఇంతే అంటాడు ఒకాయన. పాత ఆటలకి బటన్లుండాలి, అద్దం మీద రుద్దితే ఇట్లాగే అవుద్దంటాడు ఇంకొకాయన. మిగతా వాళ్ళంతా నేనే దొంగతనంగా ఆడానంటున్నారు. ఈ రాత్రి పన్నెండింటి లోపు నిజం చెప్పకపోతే ఊళ్ళోంచి తీసేస్తానని హెలెన్ గారు మెసేజ్ పెట్టారు.”

“తీసేసి ఏం చేస్తారు? కేసు పెడతారా?”

“కేసెందుకమ్మా. రేపటి నుంచి మాట్లాడరు. అంతే.”

“అంతేగా.”

“ఈ విజయవాడలో నాకింకెవరున్నారు చెప్పు. పనిచేసే కొట్లో నా పక్కన కూర్చుంటే చేపల వాసనంటారు. అక్కడ ఎవరికీ వాసన రాదు.”

నాంచారమ్మ చేట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. గడియారం వైపు చూసింది. పన్నెండుకు ఇరవై నిమిషాలుంది.

“బలం సంగతి నాకు తెలీదు గానీ, దాన్ని ఇంటికి తీసుకొచ్చేది నేనే.”

“ఏంటి?”

“నువ్వు స్నానానికి పోయినప్పుడు.”

“నీకు ఆడటం ఎట్లా వచ్చు?”

“ఆట నాకేం వచ్చు? వెనక నిలబడి ఇంటి దారి చూశాను. మధ్యలో జిగట జిగటగా ఏవో అడ్డమొస్తయి. కుక్కల్ని అదిలించినట్టు రెండు కొడితే పోతయి. మంచమ్మీద పడుకోబెడితే చిన్న పాట వచ్చుద్ది. అప్పుడు ఆపేస్తా.”

“ఎందుకమ్మా?”

“దాని నెత్తి మీద నీ పేరుంది. ఇంగ్లీషైతే మాత్రం, రేషను కార్డులో చూడలేదా? చీకటి గుహ ముందు ఒక్కదాన్నే నిలబెట్టి నువ్వు పనికి పోతావు. మీ నాన్న పడవ సముద్రం నుంచి ఏటి మొగలోకి వచ్చిందని ఫోనొస్తే గానీ నేను ముద్ద ముట్టను. ఆడపిల్ల అక్కడ నిలబడుంటే నాకు కూడెట్లా దిగుద్దే?”

తిరుమల మంచం మీది ఫోను చేతిలోకి తీసుకుంది. తల్లి భుజానికి తల ఆనించి, ఆమె అన్న మాటలన్నీ ఒక్కటీ మార్చకుండా ఫోన్లో రాయసాగింది.

“వద్దే. ఒప్పుకుంటే తప్పు మనదే అయిద్ది. వెళ్ళగొడతారు.”

“నిజమే కదా అడిగారు.”

పంపేసింది. ఆ ఊళ్ళో ఎవరూ పలకలేదు. పన్నెండు కొట్టింది. పన్నెండుంబావు అయింది. అప్పుడు ఫోను మోగింది. హెలెన్ గారు.

“ఎత్తొద్దు” అని నాంచారమ్మ చెయ్యి పట్టుకునేలోపే తిరుమల స్పీకరు పెట్టింది.

“నాంచారమ్మ గారున్నారా?” హాజరు పిలిచినట్టుంది గొంతు.

“ఉన్నానండీ. తప్పు నాదండీ. ఆట గంటకు మించింది నా వల్లే. నన్నేమన్నా అనండి, పిల్లని ఊళ్ళోంచి తియ్యకండి.”

 అవతలి గొంతు బాగా తగ్గింది.

“అది తర్వాత చూద్దామండీ. ఆటలో మా వాడు నాలుగు రోజుల నుంచి ఆ గుహ ముందే నిలబడున్నాడు. ఇంటికి దారి ఎటో చెబుతారా?”