ఇత్తడి తాళం చెవి

"తాళం చెవి ఏదక్కా?"

అక్క తలెత్తలేదు. నేల మీద కూర్చుని, కుర్చీలో ఉన్న తమ్ముడి ఎడమకాలికి బూటు తొడిగి లేసు బిగిస్తోంది. కుడివైపు ఆ పని లేదు. అక్కడ ప్యాంటును మోకాలి కింద మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

"ఉంది," అంది.

"ఎక్కడ?"

"ఇంట్లోనే. వెతుక్కో. మీ పాత సైకిళ్ల వాళ్లు వచ్చేలోపు దొరికిందా, వాళ్లతో సవారీకి వెళ్లు. ఒక్క మాట అనను. దొరకలేదా, సైకిల్ పోస్ట్‌మాస్టరు గారి షెడ్డుకు పోతుంది."

"ఇదేం ఆట? చిన్నపిల్లలమా?"

"డాక్టరేమన్నాడు? కాలికి స్పర్శ పోయింది, దెబ్బ తగిలినా తెలియదు, షుగరుకి పుండు మానదు, ఈ కాలు కూడా తీసేయాల్సి వస్తుంది అన్నాడా లేదా?"

"ఆయన అని రెండు నెలలైంది. ఇప్పుడన్నీ తెలుస్తున్నాయి. నిన్న దోమ కుడితే తెలిసింది."

"అంత బాగుంటే ఇంకేం, లే." చంకకర్ర అందించింది.

దోమ సంగతి అబద్ధం. ఆసుపత్రిలో డాక్టరు కళ్లు మూసుకోమని సూదితో గుచ్చినప్పుడు, అతను రెప్పల సందులోంచి డాక్టరు భుజం కదలడం చూసి "ఇప్పుడు" అని చెప్పాడు. మూడుసార్లు సరిగ్గా చెప్పాడు. నాలుగోసారి డాక్టరు గుచ్చకుండా భుజం మాత్రమే కదిపాడు, అప్పుడూ అతను "ఇప్పుడు" అన్నాడు. ఆ నాలుగోసారి గురించి అతను అక్కకు చెప్పలేదు. తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

సైకిల్ వరండాలో గోడకు ఆనించి ఉంది. అతని కంటే వయసులో పెద్దది. నల్లరంగు, తోలు సీటు, రాడ్డు బ్రేకులు. ఫ్రీవీల్ లేదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరగాల్సిందే. అందుకే అది అతనికి పనికొచ్చింది. ఒక్క కాలితో కిందికి తొక్కితే చాలు, పెడల్‌ను మళ్లీ పైకి తెచ్చే పని చక్రమే చూసుకుంటుంది. నేల మీద నలుగురూ దారి వదిలే మనిషి, దాని మీద నలుగురినీ దాటి పోతాడు. వెనక చక్రానికి పాతకాలపు తాళం. దాని చెవి పోతే లేతు మీద కొత్తది చేసుకున్నాడు, ఇత్తడిది. పళ్లు తనే ఆకురాయితో పదును తేలేలా తీశాడు.

ముందు పనిముట్ల డబ్బా బోర్లించాడు. పానాలు, బేరింగు బాల్స్, వాల్వు ట్యూబు ముక్కలు. లేదు. సీటు కింద సంచిలో లేదు. లైటు డొప్ప విప్పి చూశాడు. అక్కడా లేదు.

అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది. చేతిలో గుడ్డ ఉంది కానీ మిషను ఆడటం లేదు.

"బాబిన్ల డబ్బా ఇటివ్వు," అన్నాడు.

ఇచ్చింది. వెతికి తిరిగిచ్చాడు. వంటింట్లోకి వెళ్లాడు. ఒంటికాలి మీద నడక అంటే ప్రతి అడుగూ ఒక చిన్న గెంతు. బరువంతా ఒక్క మడమ మీదే దిగుతుంది. డబ్బాలన్నీ తెరిచాడు, మళ్లీ వరండాలోకి గెంతాడు, పూలకుండీలో మట్టి కెలికాడు.

లేని కాలి బొటనవేలు దురద పెట్టడం మొదలైంది. కంగారు పడినప్పుడల్లా అంతే. గోకుదామంటే అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదు. ఉన్న కాలు మాత్రం ఎప్పటిలాగే బుద్ధిగా, మాట్లాడకుండా మోస్తోంది.

"ఒరేయ్, ఇక చాలు," అంది అక్క. చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది. "కూర్చో. నేనే తీసిస్తాను."

"అక్కర్లేదు. నువ్వు జాలిపడి ఇచ్చిన చెవితో నేను ఎక్కను."

"కూర్చోరా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లెక్కడున్నాయి? ఒక్కటే. జాగ్రత్తగా పట్టుకో." నవ్వి, గెంతుకుంటూ పడకగదిలోకి వెళ్లాడు. పరుపు ఎత్తిన చప్పుడు, బీరువా తెరిచిన చప్పుడు. అక్క లేచి తలుపు దాకా వెళ్లింది. నేల వైపు చూస్తోంది.

వీధిలో గంటలు మోగాయి. ఒకటి కాదు, పదీ పన్నెండు పాత గంటలు.

"ఏమయ్యా ఇంజనూ," పోస్ట్‌మాస్టరు గొంతు వినిపించింది, "ఇంకా ఆవిరి రాలేదా?"

అతను బయటికి వచ్చి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. చక్రాన్ని ఒకసారి ముందుకు నెట్టాడు. తాళం దగ్గర టక్కున ఆగింది.

"మీరు పదండి సార్," అన్నాడు. "ఇవాళ నాకు కుదర్లేదు."

గంటలు మలుపు తిరిగేదాకా అలాగే ఉండి, తర్వాత కుర్చీలో కూలబడ్డాడు. "సరే, గెలిచావు. పారేసి ఉంటావు. ఇంట్లో అంగుళం వదలకుండా చూశాను."

అక్క దగ్గరికి వచ్చింది. అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లేసు ముడి విప్పకుండా, కత్తెర తెచ్చి కత్తిరించింది. బూటు లాగింది. తిరగేసి దులిపింది. ఏమీ పడలేదు. ఇంకోసారి దులిపింది.

"ఇందులోనే పెట్టాను," అంది. "మొదటి అడుక్కే అరుస్తావనుకున్నాను."

అతను బూటు లాక్కుని చెయ్యి లోపలికి పెట్టి మూలమూలా తడిమాడు. "లేదే," అన్నాడు. "ఇందులో ఏమీ లేదు."

అక్క బూటు వైపు చూడటం లేదు. ఇత్తడి తాళం చెవి మేజోటితో సహా అతని మడమలో కూరుకుని ఉంది.