ముప్పై ఏళ్ల గాలి

2009 ఆగస్టు 12, బుధవారం, ఉదయం పదకొండుంబావు. త్రిపురారం రోడ్డు మీద రాస్తారోకో చేస్తున్న రైతులు ఉపేందర్‌ను విత్తనాల గోదాములో పెట్టి బయట తాళం వేశారు.

కాల్వకు నీళ్లు రాలేదు. వానలు లేవు. బోరు నీళ్లతో పోసిన వరి నారుకు నలభై రోజులు నిండాయి. నాటు కోసం ఆగాలా, నారు వదిలేసి ఆముదాలు విత్తాలా? ఆ వారంలో తేలకపోతే రెండూ పోతాయి.

ఆగిన బండ్లలో ఒక జీపు ఉంది. అద్దం మీద ‘సముద్ర వాతావరణ పరిశోధన’ అని కాగితం అంటించి ఉంది. లక్ష్మణ్ అనే రైతు అందులోంచి ఒక పటం బయటికి లాగాడు. సముద్రం ఎరుపు, నీలం రంగుల్లో ఉంది.

“ఇందుల సైంటిస్టు ఎవరు? గోదాంల కూసోవెట్టుండ్రి. పోయిన నెల కరెంటు సారు గిట్లనే రాత్రి దాక కూసున్నడు.”

జీపు దిగిన ఉపేందర్ గోదాము వైపు చూశాడు. రేకుల కప్పు. ఒక కిటికీ. బాత్రూం లేదు.

“నేనే” అన్నాడు.

“జీపు డ్రైవర్ ఏడి?”

“ఈడనే ఉంటడు. బండి ఇడిసి ఏడికి పోడు.”

తాళం పడ్డాక గౌరయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి. నాలుగెకరాలు, రెండు మళ్ల నారు.

“వానొస్తదా, రాదా? ఒక్క మాట చెప్పు సారూ. తాళం తీస్తం.”

ఒక్క మాటతో బయటపడవచ్చని ఉపేందర్‌కు తెలుసు. ఆ మాట అనలేదు.

“పెద్దాయనా, తడిసిన గొంగడిని గాలికి ఆరేస్తే సల్లబడతదా, లేదా?”

“పడతది.”

“సముద్రం గంతే. మీద గాలి జోరుగ కొడితే వేడిని గుంజుకపోతది. గాలి మెత్తబడితే వేడి పైననే ఉంటది. ఒక్కనాటి గాలి కాదు. ఇరవై, ముప్పై ఏండ్ల గాలి. గా వేడిని బట్టి మన దిక్కు మబ్బులు.”

“అంటే గాలే సముద్రాన్ని మారుస్తదన్నట్టు.”

“సముద్రం గూడ గాలిని మారుస్తది. ఏది ముందన్నది మా ఆఫీసుల ఇంక కొట్లాటనే.”

“సారుది మన మాటే ఉందిరా” అన్నారెవరో.

“మాది కోదాడ పక్కనే.”

“ముప్పై ఏండ్లకు నేనుంటనా?” అన్నాడు గౌరయ్య. “ముప్పై రోజులది చెప్పు.”

“గది ఈ పటంల ఉండదు.”

“ఏడుంటది మరి, మీ ఇంట్ల బీరువలనా?” అన్నాడు లక్ష్మణ్. గుంపు నవ్వింది.

వెనక ఆగిన బస్సు ప్రయాణికులు కూడా అప్పటికి గుంపులో కలిశారు. తలమీద కొంగు కప్పుకున్న ఒకామె జనాన్ని తోసుకుని కిటికీ ముందుకు వచ్చింది.

“ఆయన్ను వదిలేయండి. ఆయన...”

“అమ్మా, ఎండల నిలబడకు. చెట్టు కిందికి పో” అని ఉపేందర్ గట్టిగా అన్నాడు.

“బస్సుల అమ్మకు సారు మీద జాలి పుట్టింది” అన్నాడు లక్ష్మణ్. ఆమె వెనక్కి వెళ్లింది. కానీ చెట్టు దాకా పోలేదు.

ఒంటిగంటకు రేకులు కాలాయి. గౌరయ్య భార్య ఈదమ్మ కిటికీలోంచి నీళ్ల చెంబు అందించింది. ఉపేందర్ పెదాలు తడుపుకుని చెంబు తిరిగి ఇచ్చాడు.

మూడు గంటలకు లక్ష్మణ్ గొంతు తగ్గించాడు. “వస్తదని చెప్పరాదు సారూ. మేం సంబురపడి పోతం. నువ్వు ఇంటికి పోతవ్.”

“వస్తదంటే మీరు ఆగుతరు. రాకపోతే?” ఉపేందర్ రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకుని గౌరయ్య వైపు తిరిగాడు. “నాకు తెలువదు పెద్దాయనా. నిజంగ తెలువదు.”



“ఇన్నేండ్లల్ల ఈడికొచ్చిన ఏ సారూ తెలువదనలే” అన్నాడు గౌరయ్య. “సైంటిస్టుకే తెలువదంటే ఇగ రానట్టే. ఈదమ్మా, బర్రెలను నారుమళ్లకు తోలు. రేపు ఆముదాలు ఇత్తుదాం.”

“పెద్దాయనా, నేను అట్ల అనలే...”

“నువ్వు అనాల్సింది అన్నవ్ బిడ్డా. లక్ష్మణ్, తాళం తియ్యి.”

ఉపేందర్ నోరు తెరిచాడు. గుంపు వెనక ఉన్న ఆమె వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

మూడున్నరకు తాళం తీశారు. అప్పటికే ఈదమ్మ బర్రెలు నారుమళ్లలో దిగాయి. గౌరయ్య చూస్తుండగానే మొదటి మడి అయిపోయింది. మిగతా రైతుల్లో పదకొండు మంది పశువులను తోలుకురావడానికి ఇళ్లకు వెళ్లారు.

మూడూ యాభైకి సైంటిస్టు సుమలత తలమీది కొంగు దించి జీపు వెనక సీట్లో ఎక్కింది, డ్రైవర్ ఉపేందర్ బండిని మిర్యాలగూడ వైపు తిప్పాడు.