ఏడు పాయింట్ నాలుగు

"ఇవాళెంత?" బోర్డు వైపు నుంచి తిరక్కుండానే అడిగారు సత్యనారాయణమూర్తి మాస్టారు.

"ఏడు పాయింట్ నాలుగు సార్," అంది యశస్విని ట్యాబ్ చూస్తూ.

ఆ అంకె తెర మీదా పడింది. డిసెంబరులో ఒకటి దగ్గర మొదలైన ఎర్రగీత మార్చి వచ్చేసరికి పైకి ఎగబాకింది. నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే గీత అది. తొమ్మిదో తరగతి మొత్తం దాన్నే చూస్తోంది.

"వరికి ఎంత దాటకూడదు?"

"మూడు సార్. దాటితే దిగుబడి పడిపోతుంది." ఆ పిల్ల ట్యాబ్‌ని బల్ల మీద బోర్లించేసింది. బడి గోడకు అవతల ఉన్న మూడెకరాలు వాళ్ల నాన్నవే.

మూర్తి మాస్టారికి జాలేసింది. అంతకంటే ఎక్కువ నీరసం వచ్చింది. పొద్దున్నే మరుగుదొడ్ల ఫొటోలు, పదింటికి హాజరు, మధ్యాహ్నం భోజనాల పళ్లేలు, ఒక్కోదానికీ ఒక్కో యాప్. మూలిగే నక్క మీద తాటిపండులా, వాతావరణమూ మొక్కలూ పాఠాన్ని ఇకమీద డిజిటల్‌గా చెప్పాలని పైవాళ్లు నేలలో ఉప్పు కొలిచే ఈ సెన్సారు పంపారు. ఉత్తర్వు ప్రకారం పిల్లలు గోడవార ఒక కొబ్బరి మొక్క నాటి, దాని పాదులోనే సెన్సారు గుచ్చారు. మొక్క చస్తే సంజాయిషీ రాసుకోవాలి. ఆ బాధ పడలేక ఆయన ఆయా రాఘవమ్మను పిలిచి, "ఈ మొక్క బాధ్యత నీదేనమ్మా, ఏం చేస్తావో నాకు తెలీదు, బతకాలి," అని చేతులు దులుపుకున్నారు.

అయితే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. సముద్రం భూమి లోపలి నుంచి ఎలా పాకుతుందో ఆ గీత చూపించి చెబితే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఇరవయ్యెనిమిదేళ్ల సర్వీసులో ఆయన పాఠం పిల్లలతో పాటు ఇంటికి వెళ్లడం ఇదే మొదలు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు కాస్త గర్వంగానే ఉండేది.

సాయంత్రం బడి గేటు దగ్గర యశస్విని తండ్రి శోభనాద్రి నిలబడి ఉన్నాడు.

"ఒక్కమాట మాస్టారూ. గుడివాడ నుంచి వెంకట్‌గారు మళ్లీ వచ్చారండీ. రొయ్యల చెరువుకి పదేళ్ల లీజు అడుగుతున్నారు. ఆరేళ్ల నుంచీ ఇవ్వనంటున్నా. మా అమ్మాయేమో నేలంతా ఉప్పయిపోయింది నాన్నా అని అన్నం మానేసి ఏడుస్తోంది. నిజమేనాండీ?"

"సెన్సారు అదే చెబుతోందండీ."

"మరి మొన్న మినుము బాగానే కాసింది కదండీ?"

"ఇప్పుడు అలాగే ఉంటుంది. రెండు మూడేళ్లు పోతే తెలుస్తుంది."

"అయినా మీరు గుచ్చింది గోడకి ఇవతల కదండీ?"

"ఉప్పు గోడ చూసి ఆగుతుందా శోభనాద్రిగారూ?"

శోభనాద్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఒకసారి చెరువు తవ్వితే ఆ నేలలో ఇక వరి మాట మర్చిపోవాల్సిందేనండీ. మా తాత తన చేతులతో గట్లు వేసిన చేను. మీరు చదువుకున్నవాళ్లు. మీరేమంటే అదే."

మట్టి తీసుకెళ్లి బందరులో పరీక్ష చేయించండి అనే మాట మాస్టారి నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మట్టి పట్టుకుని వెళ్లేదీ, రిపోర్టు కోసం తిరిగేదీ తనే అవుతారు. ఇంకా రెండు యాప్‌లలో ఫొటోలు ఎక్కించాలి, అవనిగడ్డ బస్సు టైమైంది.

"అంకె అబద్ధం చెప్పదు కదండీ," అన్నారు.

సోమవారం పొద్దున్నే పొక్లెయిన్ చేలోకి దిగింది. మధ్యాహ్నానికి రెండు గట్లు పోయాయి. యశస్విని కిటికీ దగ్గర బల్ల మీంచి కదల్లేదు. ఆ రోజు రీడింగు ఎవరూ చదవలేదు, ఆయనా అడగలేదు. తను చెప్పింది సైన్సే, తప్పేం లేదు అని పదిసార్లు అనుకున్నారు. అనుకున్నకొద్దీ మనసు బరువెక్కింది.

ఇంటర్వెల్లులో గోడ దగ్గరికి వెళ్లారు. రాఘవమ్మ చెంబుతో మొక్కకు నీళ్లు పోస్తోంది. చుట్టూ దుమ్ము లేస్తున్నా మొక్క మాత్రం నవనవలాడుతోంది.

"ఇదొక్కటైనా బతికింది," అన్నారాయన గోడకు ఆనుకుని. "ఏం వేసి పెంచావమ్మా?"

రాఘవమ్మ మొహం విప్పారింది. ఇన్నాళ్లకు ఆ మాట అడిగినవాళ్లు ఆయనొక్కరే.

"మా పుట్టింట్లో కొబ్బరికి వేసేదేనండీ," అంది. "వారం వారం పాదులో గుప్పెడు కల్లుప్పు."