రెండు రింగులు

"సార్, ఒక్క పాత ఫోనన్న ఉంచుండ్రి. దానికి పనుంటది."

బోధన్ శివారులోని విత్తనాల కంపెనీ ఆఫీసులో పదకొండేళ్లు ఫోన్ ఎత్తిన ఈరవ్వ చివరిరోజు అడిగింది అంతే.

"పని దానికా, నీకా?" అని నవ్వాడు శ్రీధర్.

ఈరవ్వ ఇంకేదో చెప్పబోయింది. అతను అప్పటికే బల్ల కిందికి దూరి పాత వైరు పీకుతున్నాడు. ఆమె సంచి భుజాన వేసుకుని ధర్పల్లి బస్సెక్కింది.

శ్రీధర్‌ది నిజామాబాద్. ఆఫీసులో ఇంటర్నెట్ ఫోన్లు పెట్టడం, చూసుకోవడం అతని పని. నంబరు పాతదే, అది నడిచే తొవ్వ కొత్తది. ఎవరు చేసినా మిషనే ఎత్తి, "విత్తనాలకు ఒకటి నొక్కండి" అంటుంది. ఎవరు మాట్లాడారు, ఎవరు పలకకుండా పెట్టేశారు, అంతా కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది.

అదే అతని మెడకు చుట్టుకుంది.

"పలుకకుండ పోయిన ఫోన్లు నెలకు ఐదు దాటొద్దు," అన్నాడు యజమాని రాజేశ్వర్. "పోయిన ఫోనంటే పోయిన రైతే. దాటిందా, నువ్వూ నీ డబ్బాలూ నిజామాబాదే!"

శ్రీధర్‌కు ఇది రెండేళ్లలో మూడో కొలువు. ఇదీ పోతే ఇంట్లో తలెత్తుకోలేడు.

ఆగస్టు వానలు పట్టుకున్నాయి. పదిరోజులకే అలాంటి ఫోన్లు పదమూడు తేలాయి. తీరా చూస్తే అన్నీ ఒక్క నంబరువే. పొద్దున్నే వస్తుంది, పలకదు, పెట్టేస్తుంది.

ట్రాక్టర్ నడిపే లింగం కూడా రోజూ పొద్దున్నే కిటికీలో తల పెట్టేవాడు.

"సార్, ఫోనొచ్చిందా?"

"వస్తనే ఉన్నయ్."

"అయితే ఆగుత." చాయ్ తాగుతూ కూర్చునేవాడు. రాలేదంటే కూలీలను ఎక్కించుకుని మోస్రా దిక్కున్న కంపెనీ పొలాలకు పోయేవాడు.

ఏ ఫోనని శ్రీధర్ అడగలేదు. ఫోన్లు చూసుకునేవాడు ట్రాక్టర్ డ్రైవర్‌ను ఫోను సంగతి అడగడమేంటి?

ఓ రోజు ఆ నంబరుకు తనే చేశాడు.

"హలో, ఎవలు?"

జవాబు లేదు. వెనకాల మేకల అరుపు.

"నోరు లేదారా నీకు?"

అవతల ఫోను మెల్లగా పెట్టేసిన చప్పుడు.

శ్రీధర్ ఆ నంబరును బ్లాక్ చేశాడు. పక్కన పేరు కోసం గడి ఉంటే "సతాయింపు" అని కొట్టాడు. పీడ విరగడైంది.

మూడోరోజు మధ్యాహ్నం ఓ ముసలాయన వచ్చి గడపలో నిలబడ్డాడు. తడిసిన గొంగడి, మెడ చుట్టూ ఎర్ర తువ్వాల. ఈరవ్వ కుర్చీ ఉండే మూలకేసి చూశాడు.

"ఏం గావాలె పెద్దాయన?"

ముసలాయన మోకాలు ముట్టుకున్నాడు. తర్వాత నడుము ముట్టుకున్నాడు. రెండు వేళ్లు చూపించాడు. అరచేతులు ముందుకు చాచి ఊపాడు.

"మోకాళ్ల నొప్పులా? ఆకలైతుందా? రెండు దినాల సంది తినలేదా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మోకాలు, మళ్లీ నడుము, మళ్లీ రెండు వేళ్లు.

"సమజైంది, సమజైంది!" చెవిటివాడికి చెప్పినట్టు అరిచాడు శ్రీధర్. ఓ బన్ను పొట్లం చేతిలో పెట్టి తలుపేసుకున్నాడు.

సాయంత్రం చూస్తే పొట్లం విప్పకుండానే మెట్ల మీద వానకు నానుతోంది.

"అడుక్కునేటోనికి ఇంత పొగరా!" అనుకున్నాడు.

సోమవారం తెల్లారి కుండపోత. ఎనిమిదింటికి లింగం కిటికీలో తల పెట్టాడు.

"సార్, ఫోనొచ్చిందా?"

శ్రీధర్ తెరకేసి చూశాడు. కడిగినట్టుంది.

"ఒక్కటి గూడ రాలే!" అన్నాడు గర్వంగా.

"మరి పోతున్న." ఇరవై మంది ఆడకూలీలతో ట్రాలీ కదిలింది.

పదింటికి లింగం తిరిగొచ్చాడు. ఒళ్లంతా బురద. బల్ల మీద ఓ ఎర్ర తువ్వాల, ఓ బటన్ల ఫోను పెట్టాడు.

"మోస్రా తొవ్వల వాగు బ్రిడ్జి మీదికెల్లి పారుతుంది సార్. నడుముల మట్టం. మూల మలిగేదాంక కనబడలే. ఎవలో ముసలాయన నీళ్లల్లకు ఉరికొచ్చి ఈ తువ్వాల ఊపిండు. బ్రేకు కొట్టిన. అందరం బతికినం."

"ఆయన?"

"కాలు జారింది. మూడు పొలాల అవతల పీనుగై దొరికిండు."

ఆ ఎర్ర తువ్వాల శ్రీధర్ గడపలో చూసిందే. మోకాలు. నడుము.

"దేవన్నట. వాగు కాడ మేకలు మేపుతడట. గొంతుకు ఆపరేషనై మాట పోయిందట." లింగం మొహం తుడుచుకున్నాడు. "నాకొక్కటే సమజైతలేదు సార్. ఆరేండ్ల సంది బ్రిడ్జి మునిగినప్పుడల్లా ఆఫీసుకు రెండు రింగులిచ్చి పెట్టేస్తుండె ఎవలో. అది ఎవలన్నది ఈరవ్వకే ఎరుక. గియ్యాలనే ఎందుకు రాలే?"

శ్రీధర్ కంప్యూటర్ తెరను అటు పక్కకు తిప్పాడు.

"ఫోను గట్టు మీద పెట్టి దిగిండు పాపం. ఇంటోళ్లకు చెప్దామంటే నాకు సదువు రాదు. జర వాళ్ల నంబరు సూడుండ్రి."

శ్రీధర్ ఆ ఫోను బటన్లు నొక్కాడు. ఆ పొద్దున దేవన్న పదిహేడు సార్లు ఫోను చేశాడు.

"దొరికిందా సార్?"

పదిహేడూ ఒక్క నంబరుకే. అది ఈ ఆఫీసుది.