టీవీలో పడ్డ పేరు

"రండి పెద్దయ్యగారూ, రండి. మీ కోసమే చూస్తున్నాం" అంది టైలరక్క.

ముసలాయన గుమ్మం బయట చెప్పులు విడిచి, బెరుగ్గా లోపలికి వచ్చాడు.

టైలరక్క అంటే వీధి వీధంతా హడల్. పళ్ళ మధ్య సూది ఉన్నా ఆమె నోరు ఆగదు. అలాంటిది ఇవాళ ఇంత మెత్తగా మాట్లాడుతుంటే ఆమె పిన్నికే అనుమానం వచ్చింది.

ముందుగదిలో కుట్టుమిషను ఓ మూలకి జరిపి కుర్చీలు వేశారు. పిన్ని, బాబాయి, ఇరుగుపొరుగు అంతా కూర్చున్నారు. గోడ మీది టీవీలో టైలరక్క తమ్ముడి ఫొటోలు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి.

వాణ్ణి నడిరోడ్డు మీద ఎవడో గుద్దేసి పోయాడు. ఎవరో ఆస్పత్రిలో చేర్చారట. ఆమె పరుగెత్తుకెళ్ళేసరికి అంతా అయిపోయింది.

ఫోన్లోది తీగా గీగా లేకుండా టీవీలో కనిపించేలా చేసిపెట్టింది కూడా వాడే. "జాకెట్ డిజైన్లు ఇంతంత బొమ్మల్లో చూపిస్తే ఎవరికి కనిపిస్తాయే? నీ బేరాలన్నీ అందుకే పోతున్నాయి" అని వెక్కిరిస్తూ నేర్పాడు. అమ్మ పోయాక ఆ మిషను తొక్కి తొక్కి వాణ్ణి పెంచింది. ఆమెకున్నది వాడొక్కడే.

"అమ్మా, కాస్త పక్కకి వస్తారా? ఒక మాట..." ముసలాయన గొణిగాడు.

"పక్కకెందుకండీ? అందరూ మనవాళ్ళే. కూర్చోండి."

రాజీకొచ్చాడు ముదనష్టపోడు, అనుకుంది లోపల.

తమ్ముడు పోయిన కొద్దిరోజులకే మొదటిసారి ఫోన్ చేశాడీ మనిషి.

"నేనెవరో మీకు తెలీదమ్మా. ఆ రోజు మీ తమ్ముడు... బండి ఎక్కించింది నేనేనమ్మా."

ఆ తర్వాతి మాట ఆమె వినలేదు. ఫోన్ గోడకేసి కొట్టబోయి ఆగింది. మళ్ళీ ఎన్నిసార్లు మోగినా ఎత్తలేదు. పోలీసులకీ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? బెయిలు మీద బయటికొచ్చి మీసం దువ్వుకుంటూ తిరుగుతాడు! ముందు నలుగురిలో నిలబెట్టి నిలువునా కడిగెయ్యాలి. వాడి మొహాన నెత్తురు చుక్క లేకుండా పోవడం తన కళ్ళారా చూడాలి. పోలీసుల సంగతి ఆ తర్వాత.

అందుకే తనే ఫోన్ చేసి, "ఇంటికి రండి, మాట్లాడుకుందాం" అని పిలిచింది.

తమ్ముడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఫొటో దగ్గర ఆపింది.

"అన్నట్టు, మీ నంబరు సేవ్ చేశానో లేదో! ఓసారి రింగివ్వండి."

ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, వెతుక్కుంటూ వెతుక్కుంటూ అంకెలు నొక్కాడు.

ఆమె ఫోన్ మోగింది. టీవీలో నవ్వుతున్న మొహం మీద, గోడంత పెద్దగా పేరు పడింది.

'నా తమ్ముణ్ణి చంపినవాడు.'

గది గదంతా ముసలాయన వైపు తిరిగింది. ఆయన ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివాడు.

"అమ్మా, నేను కాదమ్మా... నేను..."

"నోర్ముయ్! ఎక్కించింది నేనేనని నీ నోటితోనే చెప్పావు కదరా! మనిషివేనా నువ్వు? వాడి ఉసురు తీసి, మళ్ళీ నా గడప తొక్కి రాజీ అడుగుతావా?"

బాబాయి ఆయన చొక్కా పట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో తోశారు. ముసలాయన గుమ్మంలో తూలి పడబోయి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. వినేవాళ్ళు లేరు. రెండు చేతులూ జోడించి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

"భలే కడిగావే తల్లీ!" అన్నాడు బాబాయి చేతులు దులుపుకుంటూ.

చాలా రోజుల తర్వాత ఆ పూట టైలరక్క కడుపునిండా తింది.

మర్నాడు పొద్దున్నే కానిస్టేబుల్ వచ్చాడు.

"దొరికాడమ్మా! మీ తమ్ముణ్ణి గుద్దిన కారువాడు. ఎవరో బాగా ఉన్నవాళ్ళ కుర్రాడు. కెమెరాలో పడ్డాడు, ఒప్పుకున్నాడు కూడా."

"కుర్రాడేంటి? ముసలాడు కదా! నిన్ననే గెంటేశాం. బండి ఎక్కించింది నేనేనని వాడే అన్నాడు."

"ముసలాయనంటే... లావు కళ్ళజోడు, పాలవ్యానాయనా?"

"ఏమో! కళ్ళజోడైతే ఉంది."

"అయ్యయ్యో! ఎక్కించింది ఆయనేనమ్మా, తన వ్యాను మీదికి! మీవాడు రోడ్డు మీద పడి ఉంటే ఎన్ని బళ్ళు పోయాయో, ఒక్కడూ ఆగలేదు. ఆయనొక్కడే ఆగి, మోసుకుని, వ్యానెక్కించి ఆస్పత్రికి తెచ్చాడు."

టైలరక్క గబగబా ఫోన్ తీసి ఆ నంబరు నొక్కింది. టీవీలో మళ్ళీ అదే పేరు పడింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

"ఆయన ఇల్లెక్కడండీ? నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"ఇంకెక్కడిల్లమ్మా? నిన్న సాయంత్రమే బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. వ్యాను కూడా అమ్మేశాడు. అందులో కూర్చుంటే మీవాడి గొంతే వినిపిస్తోందట."

"గొంతా?"

"దారంతా మీవాడు మాట్లాడుతూనే ఉన్నాడట కదమ్మా. ఏమన్నాడయ్యా అని మేమూ అడిగాం. 'అది వాళ్ళక్కకి అప్పజెప్పమన్న మాట సార్, ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పను' అన్నాడు. నిన్న మీకు చెప్పే ఉంటాడుగా?"