గొడుగుల పరిశోధన

"ఆ పత్రికకు పంపితేనే నా సంతకం. లేదంటే నీ పీహెచ్‌డీ ఈడనే ఆగిపోతాది. చూసుకో," అన్నాడు గైడు డాక్టర్ నాగేశ్వర.

కృపాకుమారి నాలుగేళ్లు ఉరవకొండ పక్క చేలగట్ల వెంబడి తిరిగి, వేరుశనగ రైతుల కరువు కష్టాల మీద రాసిన వ్యాసం అది. పనికిమాలిన పత్రికలో వస్తే రేపు ఏ యూనివర్సిటీ దాన్ని లెక్కలోకి తీసుకోదు.

"సార్, ఆ ఎకనామిక్స్ జర్నల్ పేరు ఎవురూ విననే లేదు సార్."

"నువ్వు విననంత మాత్రాన మంచిది కాకుండా పోతాదా? ఆడ పెద్ద పెద్దోళ్లు కూర్చోని వ్యాసాలు చెరిగి, తాలు పారబోసి, గట్టి గింజలే వేస్తారమ్మా. వారం లోపల పంపు."

బయట తోటి స్కాలర్ జయచంద్ర ఎదురయ్యాడు. సంగతంతా విని, "మంచి పత్రికో దొంగ పత్రికో తెలిసేదెట్లక్కా?" అన్నాడు.

"గీటురాయి మీద గీస్తే తెలీదా?" అంటూ కృపాకుమారి లాప్‌టాప్ తెరిచింది.

గంటలో కొత్త వ్యాసం తయారైంది. గొడుగులు బాగా అమ్ముడుపోయిన ఏడాది అనంతపురంలో వానలు బాగా పడ్డాయి. కాబట్టి వాన తెప్పించేది గొడుగులే. కరువు పోవాలంటే ప్రభుత్వం ఇంటికో గొడుగు పంచాలి. రాసినవారి పేరుగా తన అవ్వ సువార్తమ్మ పేరు పెట్టింది.

జయచంద్ర పడీపడీ నవ్వాడు. "దీన్ని గాన వేసుకుంటే?"

"దొంగ పత్రికే. తీసుకుపోయి సార్ ముందర పెడతా."

"వేసుకోకుంటే?"

"నోరు మూసుకోని నా వ్యాసం పంపుతా," అంటూ గొడుగుల వ్యాసాన్ని ఆ పత్రికకు పంపేసింది.

మూడో రోజు పత్రిక నుంచి మెయిల్ వచ్చింది. ఆమె కంటే ముందు జయచంద్రే వంగి చూశాడు.

"అక్కా! వద్దన్నారు! వేసుకోరంట!"

కృపాకుమారికి సిగ్గేసింది. అయితే నిజంగానే చదువుతున్నారు! అనవసరంగా సార్‌ను అనుమానించానే అనుకుంటూ తన అసలు వ్యాసాన్ని జతచేసింది. ఇక పంపడమే తరువాయి.

"ఆగక్కా, ఎందుకొద్దో కూడా రాసినారు," అంటూ జయచంద్ర పైకి చదివాడు.

"గొడుగుల వల్ల వానలు రావు. రెయిన్‌కోట్ల వల్లనే వస్తాయని డాక్టర్ నాగేశ్వర గారు మా పోయిన సంచికలోనే నిరూపించారు."